ముత్యం ధర అడుగుతాం, చలి సంగతి అడగం

పత్తర్‌గట్టీలో ముత్యాల షాపుకెళ్ళిన ప్రతివాళ్ళూ అడిగే ప్రశ్నలు కొన్నున్నాయి. అసలుదా, నకిలీదా? గుండ్రంగా ఉందా, సొట్టలున్నాయా? చివరికి ఎంతకిస్తావు? ఒక్క ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. దీన్ని సముద్రంలోంచి తీసినవాడికి చలెయ్యలేదా?

ఇదేం ప్రశ్నండీ బాబూ అనకండి. పాతబస్తీ చరిత్రలో సగం ఈ ప్రశ్నలోనే ఉందని నా అనుమానం.

హైదరాబాదుకి సముద్రం లేదు. అయినా ముత్యాల నగరమని పేరు. కుతుబ్‌షాహీల కాలంనుంచీ ఇక్కడి దర్బారుకి ముత్యాలంటే మోజు. వచ్చిన సరుకులో గొప్పదని పేరు పడ్డది 'బస్రా ముత్యం'. బస్రా పేరు మాత్రమే. ముత్యాలు బహ్రెయిన్, కువైట్, ఖతార్ తీరాల్లో పుట్టేవి. పందొమ్మిదో శతాబ్దంలో వాటికి పెద్ద మార్కెట్టు బొంబాయి. నిజాం నగల్ని 1995లో భారత ప్రభుత్వం సుమారు 218 కోట్లు పెట్టి కొన్నది గుర్తుందిగా? అందులో 'సత్‌లడా' అనే ఏడుపేటల హారం ఉంది. అవి బస్రా ముత్యాలే. ఒక్కో ముత్యం వెనకా ఎవడో ఒకడు ఊపిరి బిగబట్టి మునిగినవాడున్నాడు.

ఇప్పుడు చలి దగ్గరికొద్దాం. నీరు మన ఒంట్లో వేడిని గాలికంటే సుమారు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. అందుకే 26 డిగ్రీల గదిలో హాయిగా కూర్చునే మనిషి, 26 డిగ్రీల నీళ్ళలో గంటసేపుంటే వణుకుతాడు. డిసెంబర్లో మురుడేశ్వర్ నుంచి నేత్రాణి దీవికి స్కూబా డైవింగుకెళ్ళినప్పుడు నాకు తెలిసొచ్చిన సంగతి ఇంకోటుంది. నీళ్ళలో కంటే పడవ మీదే ఎక్కువ చలి! తడి ఆరుతూ ఒంట్లో వేడిని పట్టుకుపోతుంది, పడవ వేగానికి గాలి ఒకటి తోడు. మన కూజాలో నీళ్ళు చల్లబడే సూత్రమే. కాకపోతే ఇక్కడ కూజా మనమే :)

మనకి ఉపాయాలున్నాయి. అమెరికాలో హ్యూ బ్రాడ్నర్ అనే భౌతిక శాస్త్రవేత్త 1952లో నియోప్రీన్ వెట్‌సూట్ తయారుచేశాడు. ఆ రబ్బరు నిండా సన్నటి గాలిబుడగలుంటాయి, అవే వేడిని ఆపుతాయి. పైకి రాగానే తడిసూట్ తీసేసి, తల తుడుచుకుని, పొడిబట్టల మీద విండ్‌చీటర్, నెత్తిన ఉన్నిటోపీ, చేతిలో ఫ్లాస్కులోంచి వేడి చాయ్. పని అయిపోయింది.

మరి బహ్రెయిన్ గజ ఈతగాడి దగ్గర ఏముండేది? ముక్కుకి ఒక క్లిప్పు, కాలికి రాయి, నడుముకో మెడకో బుట్ట, పైకి లాగడానికి తాడు. జెల్లీఫిష్‌ల బెడద ఉన్నప్పుడు ఒంటినిండా నూలుబట్ట వేసుకునేవాడు. అది చలికి కాదు, దురదకి. చలికి అతని దగ్గరున్న ఒకే ఒక్క ఆయుధం క్యాలెండర్!

అవును, క్యాలెండరే. ముత్యాల వేటకి అసలు సీజను జూన్ నుంచి సెప్టెంబర్ చివరిదాకా. అప్పుడు గల్ఫ్ నీళ్ళు 30 డిగ్రీలు దాటుతాయి. దాన్ని 'పెద్ద మునక' అనేవారు. అంతకుముందు వసంతంలో, నీళ్ళింకా పూర్తిగా వేడెక్కకముందే, సుమారు నలభై రోజుల చిన్న సీజనొకటి ఉండేది. దాని పేరే 'చల్లని మునక'. అరబ్బీలో అచ్చంగా అదే అర్థం. లోతుకి పోకుండా, తీరం దగ్గర్లో చేసేవాళ్ళు. చలికాలంలో పెద్ద పడవలు కదిలేవి కావు, కొందరు ఒడ్డున లోతులేని నీళ్ళలో నడుస్తూ ఏరుకునేవాళ్ళు, అంతే.

పెద్ద మునకలో కూడా సుఖమేం లేదు. పొద్దున్నే కాసిని ఖర్జూరాలు, కాఫీ. రోజంతా డజన్ల కొద్దీ మునకలు. అన్నం, చేపలు చీకటి పడ్డాకే. కడుపునిండా తిని మునగలేరు మరి. కడుపులో కట్టె లేకపోతే ఒంట్లో మంట ఎక్కడినుంచొస్తుంది?

ఆ క్యాలెండర్ మునిగేవాడి చేతిలో ఉందా అంటే, లేదు. పడవ యజమాని దగ్గర అడ్వాన్సు తీసుకుని ఎక్కేవాళ్ళు. సీజను బాగుండకపోతే అప్పు మిగిలేది, మళ్ళీ ఏడాది అదే పడవ. తండ్రి బాకీ కొడుకు నెత్తిన పడ్డ సందర్భాలూ ఉన్నాయి. తూర్పు ఆఫ్రికానుంచి బానిసలుగా తెచ్చినవాళ్ళు కూడా ఆ పడవల్లో మునిగారు.

చలికాలంలోనూ మునిగినవాళ్ళు లోకంలో లేకపోలేదు. కొరియాలో జెజు దీవి ఆడవాళ్ళు, హెన్యోలు. నూలుబట్టతో, 10 డిగ్రీల నీళ్ళలో! వాళ్ళ ఉపాయం నిప్పు. ఒడ్డున గుండ్రంగా రాళ్ళు పేర్చి, మధ్యలో మంట వేసుకునేవాళ్ళు. దాన్ని బుల్తోక్ అంటారు. కాసేపు మునక, కాసేపు మంట. 1960లలో శాస్త్రవేత్తలు కొలిచి చూస్తే, చలికాలంలో వాళ్ళ ఒళ్ళు విశ్రాంతిలో ఉన్నా మామూలుకంటే సుమారు 30 శాతం ఎక్కువ వేడి పుట్టిస్తోందట. తరువాత 1970లలో వెట్‌సూట్లొచ్చాయి. కొద్ది ఏళ్ళకే ఆ శక్తి మాయమైపోయింది. అవసరం లేని ఫీచర్ని శరీరం కూడా తీసేస్తుందన్నమాట!

నాకర్థమైంది ఏంటంటే, చలికి మందు మూడే రకాలు. సూటు, మంట, క్యాలెండర్. హెన్యోల మంట వాళ్ళ చేతిలో ఉండేది. ఎప్పుడు ఒడ్డుకి రావాలో వాళ్ళే చెప్పుకునేవాళ్ళు. బహ్రెయినువాడి క్యాలెండర్ అప్పిచ్చినవాడి చేతిలో ఉండేది. తేడా ఉష్ణోగ్రతలో లేదు, అందులో ఉంది.

ఆ వ్యాపారం ఎలా పోయిందో తెలిసిందే. జపాన్‌లో మికిమోతో 1893లో ముత్యాన్ని పెంచి చూపించాడు. 1920లలో పెంపుడు ముత్యాలు మార్కెట్టుని ముంచెత్తాయి, 1929లో ప్రపంచ మాంద్యం, 1932లో బహ్రెయిన్‌లో చమురు. ముత్యాల పడవలు ఒడ్డెక్కేశాయి. చార్మినార్ దగ్గర మనం ఇప్పుడు బేరమాడేవాటిల్లో ఎక్కువభాగం చైనా మంచినీటి చెరువుల్లో పెంచినవే.

చమురొచ్చాక అదే గల్ఫుకి మన కరీంనగర్, నిజామాబాద్ నుంచి వేలమంది పనికెళ్ళారు. ఎమిరేట్స్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మిట్టమధ్యాహ్నం ఆరుబయట పని చేయించకూడదని నిబంధన ఉంది. దాదాపు అవే నెలలు, ఒకప్పటి పెద్ద మునక నెలలు! ఆ రోజుల్లో చలికి భయపడి ఎంచుకున్న కాలమే, ఇప్పుడు ఎండకి భయపడాల్సిన కాలం. ఈసారి క్యాలెండర్ కొంతైనా చట్టం చేతిలో ఉంది. కొంతైనా నయమే కదా?

మీరేమంటారు?