రెండు సూర్యోదయాల విమానం

1935లో బ్రిస్బేన్ నుంచి లండన్‌కు ప్రయాణికుల విమాన సర్వీసు మొదలైనప్పుడు చేరడానికి పన్నెండున్నర రోజులు పట్టేది. దారి పొడవునా మజిలీలే. రాత్రిళ్లు ఏదో ఒక ఊళ్లో పడుకుని, తెల్లారి మళ్లీ విమానమెక్కేవారు. పేరుకు విమానయానమే గానీ ఐరోపాలో కొంత దూరం రైల్లో వెళ్లక తప్పేది కాదు. ఈ దారికి సింగపూర్ ఆయువుపట్టు. 1942 ఫిబ్రవరిలో అది జపాన్ వశం కావడంతో ఆస్ట్రేలియాకూ బ్రిటన్‌కూ మధ్య ఆకాశమార్గం తెగిపోయింది.

తెగిన దారిని 1943లో హిందూ మహాసముద్రం మీదుగా మళ్లీ కలిపారు. ఒక కొస పెర్త్‌లోని స్వాన్ నది, మరో కొస సింహళంలో గాలే దగ్గరి కొగ్గల సరస్సు. మధ్య దూరం ఐదున్నర వేల కిలోమీటర్ల పైచిలుకు. దిగడానికి చోటే లేదు. క్వాంటాస్ నడిపిన కాటలినా నీటివిమానాల వేగం గంటకు దాదాపు 200 కిలోమీటర్లు. అంటే గాలివాటాన్ని బట్టి 27 నుంచి 32 గంటల పైదాకా గాలిలోనే ఉండాలి. బరువంతా పెట్రోలే కాబట్టి ముగ్గురు ప్రయాణికులకు, 69 కిలోల టపాకు మించి చోటుండేది కాదు. బయల్దేరిన తొలి గంటల్లో ఒక ఇంజను ఆగిపోతే రెండోది ఆ బరువును మోయలేదు.

శత్రువు కంటబడకుండా జపాన్ విమానాలు తిరిగే మేరను చీకట్లోనే దాటేవారు. రేడియో మూగనోము పట్టేది. నావిగేటర్‌కు నక్షత్రాలే దిక్కు. అందుకే కాబోలు ఐదు విమానాలకూ చుక్కల పేర్లే పెట్టారు: ఆల్టెయిర్, వేగా, రైజెల్, అంటారెస్, స్పైకా. వీటిలో నాలుగు మన పంచాంగం ఎరిగినవే. శ్రవణం, అభిజిత్తు, జ్యేష్ఠ, చిత్త. ఒకే ప్రయాణంలో సూర్యుడు రెండుసార్లు ఉదయించేవాడు గనుక ప్రయాణికులకు ‘రెండు సూర్యోదయాల రహస్య సంఘం’లో సభ్యత్వ పత్రం ఇచ్చేవారు. 1945 జులై దాకా ఇలా 271 సార్లు సముద్రం దాటారు, ఒక్క ప్రాణం పోలేదు. యుద్ధం ముగిశాక, అమెరికాతో ఉన్న ఒప్పందం ప్రకారం ఆ విమానాలను సముద్రంలో ముంచేశారు. అంత సేవకు దక్కిన వీడ్కోలు అదీ.

1947 డిసెంబరు 1న కాన్‌స్టెలేషన్ విమానం సిడ్నీ నుంచి లండన్‌కు బయల్దేరింది. డార్విన్, సింగపూర్, కలకత్తా, కరాచీ, కైరో, ట్రిపోలీలలో ఆగుతూ నాలుగు రోజుల్లో చేరింది. జెట్‌లు వచ్చాక రోజులు గంటలయ్యాయి, మజిలీలు ఒక్కొక్కటే రాలిపోయాయి. 2018 మార్చిలో పెర్త్–లండన్ మధ్య ఆగకుండా నడిచే సర్వీసు మొదలైంది. 14,498 కిలోమీటర్ల దూరానికి పట్టేది సుమారు 17 గంటలు. పెర్త్–కొగ్గల దూరానికి రెండున్నర రెట్లు, సమయం చూస్తే సగానికి కాస్త ఎక్కువ.

దూరంలో కాటలినాను ఎన్నో విమానాలు మించిపోయాయి. ఆగకుండా గాలిలో గడిపిన సమయంలో మాత్రం, ప్రయాణికుల సర్వీసుల్లో, దాని 32 గంటల 9 నిమిషాల రికార్డు ఇప్పటికీ చెక్కుచెదరలేదు.