ప్రత్తి, రాతినార, పోత ఇనుము

మార్టూరు మీదుగా జాతీయ రహదారిపై కారు నడిపేవారికి బ్రేకు విలువ వేరే చెప్పనక్కరలేదు. ముందు గ్రానైటు బండ మోస్తూ ఒక లారీ, వెనుక మిర్చి టిక్కీలతో మరొకటి. ఆమధ్య నా కారు ముందు చక్రాలు కీచుమంటుంటే మెకానిక్కుకు చూపించాను. పాడ్లు అరిగిపోయాయి, డిస్కుల మీద లోతుగా గీతలు పడ్డాయి. ఆయన రెండు డబ్బాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒకటి పేరున్న కంపెనీది. రెండవదానికి పేరూ ఊరూ లేవు, ధర సగమే. "రెండూ ఒకటేనండీ, ఏది వేయమంటారు?" అన్నాడు.

ఒకటేనా? ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ చాలా దూరం వెళ్ళాను.

మన ఎడ్లబండిని నిలపడానికి పగ్గం బిగబడితే చాలు, ఎద్దుల మెడలే బ్రేకు. మోటారు బండికి ఆ సౌకర్యం లేదు. 1888లో బెర్తా బెంజ్ తన భర్త తయారుచేసిన కారులో తొలి దూరప్రయాణం చేస్తూ, చెక్క బ్రేకులు అరిగిపోతే దారిలో ఒక చెప్పులు కుట్టేవాని చేత వాటికి తోలు వేయించింది. బ్రేకు లైనింగు కథ అక్కడ మొదలయింది. ఆ తరువాత ఇంగ్లండులో హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆయన, కొండదారుల్లో బండ్లవాళ్ళు బ్రేకు దిమ్మెలకు పాత బూట్లు తగిలించడం చూసి ఆలోచనలో పడ్డాడట. 1897లో వ్యాపారం ఆరంభించాడు. తొలుత నేసిన వెంట్రుకలు, పిమ్మట తారులాంటి జిగురులో తడిపిన ప్రత్తి వాడాడు. అవును, మన నల్లరేగడిలో పండే ప్రత్తి వంటిదే! కాని వేడెక్కితే ప్రత్తి మాడిపోతుంది. అందుచేత 1908 నాటికి ఆయన దృష్టి రాతినార వైపు మళ్ళింది.

ఆస్బెస్టాసును మనవాళ్ళు రాతినార అన్నారు. ఎంత చక్కని మాట! రాయిలా కాలదు, నారలా నేయవచ్చు. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలోనూ తవ్వారు. అయితే దాని ధూళి ఊపిరితిత్తులలో చేరితే ఇక బయటికి రాదు. బ్రిటన్‌లో మెరివెదర్ నివేదిక 1930లోనే కార్మికుల జబ్బును లెక్కలతో చూపింది. 1931లో నిబంధనలు వచ్చాయి, తెల్ల రాతినారపై నిషేధం మాత్రం 1999 దాకా రాలేదు. మన సుప్రీంకోర్టు 1995 జనవరిలో, రాతినార కార్మికుల ఆరోగ్య వివరాలను కనీసం 40 ఏళ్ళు భద్రపరచాలనీ, జబ్బు నిర్ధారణ అయినవారికి లక్ష రూపాయల పరిహారం ఇవ్వాలనీ ఆదేశించింది. ఆ తీర్పు కర్మాగారాల్లోని కార్మికుల గురించి. రోడ్డు పక్క షెడ్డులో అంబాసిడరు డ్రమ్ము విప్పి, లోపల పేరుకున్న బూడిదను గాలిగొట్టంతో ఊదిన కుర్రవాళ్ళ వివరాలు ఎవరు భద్రపరిచారు?

డిస్కు బ్రేకు డ్రమ్ములా మూసి ఉండదు, గాలికి చల్లబడుతుంది. లాంచెస్టర్ 1902లోనే దానికి పేటెంటు పొందాడు గాని, ఆయన వాడిన రాగి లైనింగులు గోలపెడుతూ త్వరగా అరిగిపోయేవి. 1953లో లె మాన్స్ పందెంలో డిస్కు బ్రేకుల జాగ్వార్ గెలిచిన తరువాతే లోకం నమ్మింది. మన ఇళ్ళకు మారుతి కార్లతో చేరింది: ముందు డిస్కు, వెనుక డ్రమ్ము.

ఇప్పటి పాడ్లలో రాతినారకు బదులు ఉక్కుపీచు, గాజునార, పింగాణీ వంటి పదార్థాలు రెసినుతో కలిసి ఉంటాయి. లోహం ఎక్కువైతే వేడికి బాగా ఓర్చుకుంటుంది, డిస్కును మాత్రం త్వరగా అరగదీస్తుంది. పేరులేని డబ్బాలో ఏముందో చెప్పేవాడు లేడు. నా అభ్యంతరం ధరతో కాదు, ఆ మౌనంతో.

రాతినార లేదని అచ్చువేసిన డబ్బానే తీసుకున్నాను. డిస్కు అంచున కనీస మందం ఎంతో పోతపోసి ఉంది. కొలిస్తే రెండూ అంతకంటే తక్కువే తేలాయి. సానపట్టి సరిపెడదామన్నాడు. ఒప్పుకోక జత మొత్తం మార్పించాను.

పాత పాడ్లు విప్పగానే ఆయన చేయి గాలిగొట్టం వైపు వెళ్ళింది. తడిగుడ్డతో తుడవమన్నాను. "ఇరవై ఏళ్ళుగా ఊదుతున్నానండీ" అని నవ్వాడు. అయినా గుడ్డ తడిపి తెచ్చాడు.