గోడకెక్కిన పరిశోధన

టెక్సస్‌లోని ఫ్రిస్కో నగర జనాభా 2000లో 33,714. అది 2020 నాటికి 2,00,509కి చేరింది. అక్కడ స్థిరపడినవారిలో తెలుగువారు చెప్పుకోదగిన సంఖ్యలో ఉన్నారు. బడిలో సైన్స్ ఫెయిర్‌కు మూడు మడతల అట్ట సిద్ధం చేసే పిల్లలకూ, వైద్య సదస్సుకు పోస్టరు తయారుచేసే రెసిడెంట్లకూ ఇటువంటి ఊళ్ళలో ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: నెలల తరబడి చేసిన పనిలో గోడమీదికి ఏది ఎక్కాలి, ఏది ఆగాలి? పోస్టరు ఎందుకు పుట్టిందో తెలిస్తే సమాధానం కొంత సులువవుతుంది.

పోస్టరుకు ముందు శాస్త్రసభల్లో వేదికదే రాజ్యం. రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో దోమ జీర్ణాశయంలో మలేరియా పరాన్నజీవిని గుర్తించాడు. మరుసటి ఏడు కలకత్తాలో, పక్షులలో ఆ వ్యాధి దోమకాటుతో సంక్రమిస్తుందని నిరూపించాడు. 1898 జులైలో ఎడింబరోలో జరిగిన బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ సభలో ఆ సంగతిని ప్రకటించినవాడు పాట్రిక్ మాన్సన్. రాస్ అప్పటికి భారతదేశంలోనే ఉన్నాడు. వేదికపై తన పక్షాన నిలిచే మాన్సన్ వంటి పెద్ద అందరికీ దొరకడు.

ఇరవయ్యో శతాబ్ది ఉత్తరార్ధంలో జీవరసాయన పరిశోధనలు విస్తరించి, వచ్చిన ప్రతి పత్రానికీ ప్రసంగ సమయం కేటాయించడం కష్టమైంది. 1969లో మాడ్రిడ్‌లో ఐరోపా జీవరసాయన సంఘాల సమాఖ్య పోస్టరు గోష్ఠికి చోటిచ్చింది. అమెరికాలో ఈ పద్ధతి 1974లో మినియాపొలిస్‌లో జరిగిన జీవరసాయన, జీవభౌతిక శాస్త్రాల సమావేశంతో మొదలైంది. సమయం కలిసిరావడంతోపాటు సంభాషణకూ వీలు చిక్కింది. తెలుగు మాధ్యమంలో చదివి, ఆంగ్లంలో పది నిమిషాలు ధారాళంగా ప్రసంగించడానికి జంకే పరిశోధకుడు సైతం బొమ్మ పక్కన నిలబడి అడిగినదానికి నెమ్మదిగా జవాబు చెప్పగలడు.

అయితే పెద్ద కాగితంపై ముద్రణ సులభమైన కొద్దీ పోస్టరు గోడకు అతికించిన పత్రికా వ్యాసంగా మారింది. ఉపోద్ఘాతం, పద్ధతులు, ఫలితాలు, చర్చ అన్నీ చిన్న అక్షరాల్లో ఇరికాయి. కూర్చుని చదవవలసినదాన్ని జనసమ్మర్దంలో నిలబడి చదవడం ఎవరికైనా కష్టమే.

2019లో మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్ర పరిశోధక విద్యార్థి మైక్ మారిసన్ ప్రత్యామ్నాయం సూచించాడు. ప్రధాన ఫలితం సరళమైన వాక్యంగా నడుమ పెద్ద అక్షరాల్లో ఉండాలి. వివరాలు పక్కలకు జరగాలి. పూర్తి వ్యాసం క్యూఆర్ కోడ్ ద్వారా అందాలి.

ఈ నమూనాను వైద్యరంగం కొంత జాగ్రత్తతో స్వీకరించవలసి ఉంటుంది. ‘ఈ మందు గుండెపోట్లను సగానికి తగ్గించింది’ అన్న వాక్యం దూరం నుంచే ఆకట్టుకుంటుంది. ఆ సగం నూటికి ఇరవై నుంచి పదికి తగ్గడం కావచ్చు. వెయ్యికి రెండు నుంచి ఒకటికి తగ్గడమూ కావచ్చు. మొదటిదానిలో పదిమందికి మందిస్తే ఒకరికి మేలు. రెండవదానిలో వెయ్యిమందికి ఇస్తే ఒకరికి. పోస్టరు ముందు అర నిమిషం నిలిచి వెళ్ళే వైద్యుడు ఆ వాక్యాన్నే తన రోగి దగ్గరకు తీసుకువెళతాడు. కనుక ప్రధాన వాక్యం పక్కనే, అంతే స్పష్టంగా, ఎందరిని పరిశీలించారు, దేనితో పోల్చారు, అసలు సంఖ్యలెంత అన్నవి కనిపించాలి. ఆ తర్వాత ఒక్క మంచి పటం చాలు. మిగిలిన వివరం చెప్పడానికి పరిశోధకుడు పక్కనే ఉంటాడు. పోస్టరు గోష్ఠిని ఏర్పాటు చేసినది అందుకే.