మిక్నాతీస్, బర్క్, ఉస్మానియా

ఉర్దూలో చదివితే సైన్సు అబ్బదని మా పుత్తూరులో నాతో అన్నవాళ్లున్నారు. జవాబు తారీఖ్‌లోనే ఉంది.

1918లో మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఫర్మానాతో వచ్చిన ఉస్మానియా యూనివర్సిటీలో ఫిజిక్స్ కూడా ఉర్దూలోనే చెప్పారు. దారుల్ తర్జుమా సైన్సు కితాబుల్ని ఉర్దూలోకి తెచ్చింది. ఉర్దూలో అయస్కాంతం మిక్నాతీస్, విద్యుత్తు బర్క్.

ఈ రెండింటి రిష్తా వింతైనది. పాత ట్రాన్సిస్టర్ రేడియోలో తీగ చుట్టిన నల్ల కడ్డీ ఉంటుంది కదా, అది ఫెరైట్. ఇనుప ఆక్సైడ్‌తో కాల్చి చేసిన పింగాణీ లాంటిది. మిక్నాతీస్ ప్రభావంలో ఫెరైట్ కంటికి కనపడనంతగా సాగుతుంది, లేదా ముడుచుకుంటుంది. నొక్కితే బర్క్ పుట్టించే బేరియం టైటనేట్‌ను దానితో జతచేస్తే, ఆ కదలిక దీన్ని నొక్కుతుంది, బర్క్ పుడుతుంది. విడిగా ఏ ఒక్కదానికీ లేని గుణమిది. 1972లో ఫిలిప్స్‌కు చెందిన వాన్ సుచ్‌టెలెన్ ఈ ఆలోచనను లోకం ముందుంచారు.

మిక్నాతీస్‌కూ బర్క్‌కూ ఉన్న ఈ రిష్తా మీద జరిగిన పరిశోధనను 1994లో సమీక్షిస్తూ వ్యాసం రాసినవారు ఎస్.వి. సూర్యనారాయణ, ఉస్మానియా ఫిజిక్స్ డిపార్ట్‌మెంటు నుంచే. అప్పటికి చదువు ఇంగ్లీషులోకి మారిపోయింది. బునియాద్ మాత్రం ఉర్దూలో పడిందే.

మన పిల్లలకు ఈ సంగతి చెప్పండి. ఇల్మ్‌కు జబాన్ అడ్డు కాదు.