కొండచిలువకి క్రాన్ జాబ్ పెడితే కుదురుతుందా?

మాది పల్నాడులో దాచేపల్లి. నాగులచవితికి మా నాయనమ్మ పిల్లలందర్నీ వెంటేసుకుని నాగులేటి ఒడ్డున పుట్ట దగ్గరికి పోయేది. చలిమిడి, చిమ్మిలి, చెంబెడు ఆవుపాలు. అంటే మా ఇంటి లెక్కలో పాముకి భోజనం ఏడాదికి ఒక్కసారే :)

ఒక ఏడు పాములోడు బుట్టలో నాగుపాము బదులు చిన్న కొండచిలువని తెచ్చాడు. నాయనమ్మ గిన్నెతో పాలు పెడితే అది తల కూడా తిప్పలేదు. "ఇది పాలు తాగదమ్మా. పోయిన నెల్లో రెండు కోళ్ళు మింగింది, ఇంకో నెల దాకా ఏమీ అడగదు" అన్నాడు. నాయనమ్మ నమ్మలేదు. నెలలు నెలలు తినకుండా ఏ జీవి ఉంటుందయ్యా అని వాడినే తిట్టింది.

ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే, అమెరికాలో ఉన్న పాత కొలీగ్ ఒకడు మొన్న ఫోన్ చేశాడు. వాడు బర్మీస్ కొండచిలువని పెంచుతున్నాడు, పన్నెండడుగులది. ఎక్సెల్ షీట్లో పదిహేను రోజులకొక వరస. చివరి ఐదు వరసల్లోనూ "తినలేదు". ఆ శనివారం ఇద్దరు ఫ్రెండ్స్‌ని పిలిచి, నోరు తెరిచి బలవంతంగా కుందేల్ని కుక్కేద్దామని వాడి ప్లాను.

"ఆగరా బాబూ" అని వాడికి చెప్పిన కథే ఇక్కడ రాస్తున్నా.

కొండచిలువ తిండి మానేసి గుడ్లని చుట్టుకుని పొదుగుతుందని లామార్-పికో అనే ఫ్రెంచి యాత్రికుడు మన దేశంలో చూసిపోయి, 1830లలో ప్యారిస్‌లో చెప్పాడు. అక్కడి పండితులు అచ్చం మా నాయనమ్మ లాగే కొట్టిపారేశారు. తీరా 1841లో ప్యారిస్ జంతుశాలలోనే ఒక కొండచిలువ గుడ్లు పెట్టి, దాదాపు ఎనిమిది వారాలు వాటి మీంచి కదల్లేదు, మేత ముట్టలేదు. వలెన్సియెన్ అనే శాస్త్రవేత్త దాని చుట్టల మధ్య థర్మామీటర్ పెట్టి చూస్తే బయటి గాలికంటే వేడిగా ఉంది. ఆ వేడి కండరాలు వణికించడం వల్ల పుడుతుందని 1966లో న్యూయార్క్ బ్రాంక్స్ జూలో ఉన్న కొండచిలువ మీద కొలిచి తేల్చారు. అంటే తిండి లేకుండా, పైగా ఒళ్ళు ఖర్చుపెట్టి మరీ కూర్చుంటుందన్నమాట!

మరి అన్నాళ్ళు ఎలా బతుకుతుంది? 1990లలో సీకోర్, డైమండ్ అనే ఇద్దరు ఈ బర్మీస్ కొండచిలువల మీదే పనిచేశారు. తిండి లేనప్పుడు వీటి పేగులు కుంచించుకుపోతాయి, సర్వర్ని స్లీప్ మోడ్‌లో పెట్టినట్టు. మింగగానే అన్నీ మళ్ళీ పెరుగుతాయి. రెండు మూడు రోజుల్లో గుండె 40 శాతం పెద్దదవుతుందని 2005లో ఇంకో బృందం చూపించింది. అలా ఆగిపోయి ఉన్న యంత్రంలోకి, పైగా చల్లగా ఉన్నప్పుడు, కుందేల్ని కుక్కితే అరగక కక్కేయడమో, నోరు చిరగడమో జరుగుతుంది.

పాములోడిని మరీ ఆకాశానికి ఎత్తట్లేదు లెండి. ఆ వృత్తిలో నాగుపాముని రోజుల తరబడి నీళ్ళు లేకుండా ఎండగట్టి, పండగ రోజు పాలు తాగించేవాళ్ళూ ఉన్నారు. దాహం కొద్దీ తాగుతుంది, అరగక చస్తుంది. 1972 వన్యప్రాణి చట్టంతో ఆ బుట్టలు నేరమయ్యాయి, మన కొండచిలువని ఇంట్లో పెంచడం కూడా. ఆ కుటుంబాలకి వేరే బతుకుతెరువు ఎవరు చూపించారన్నది మాత్రం ఇంకో పెద్ద కథ.

సరే, మావాడి పాము మగది, గుడ్ల గొడవ లేదు. మగవి కూడా చలికాలంలో జతకట్టే రోజుల్లో మేత మానేస్తాయి. "ముందు తూకం వెయ్, తర్వాత వేడి చూడు. బరువు గబగబా తగ్గుతుంటే పాముల డాక్టర్ దగ్గరికి పో, నీ ఫ్రెండ్స్ దగ్గరికి కాదు" అన్నా. చూస్తే బరువు పెద్దగా తగ్గలేదు. కానీ 31 డిగ్రీలుండాల్సిన మూల 24 ఉంది, థర్మోస్టాట్ సెన్సర్ ఊడిపోయి ఎక్కడో పడి ఉంది!

సరిచేసి, పెట్టె మీద దుప్పటి కప్పి, కదిలించకుండా వదిలేశాడు. పద్దెనిమిదో రోజు రాత్రి కుందేల్ని మింగిందట. ఆ ఎక్సెల్ షీటు తీసేశావా అనడిగా. లేదట, థర్మోస్టాట్‌కి ఇంకో కాలమ్ కలిపాడట.