కుడి ఆసనము, ఎడమ ఆసనము

శాంతిపురము, కుప్పము ప్రాంతపు పల్లెలలో వేరుసెనగ చేలయందు పనిచేయు స్త్రీలు బెంగుళూరు వైపు పోవు విమానపు చప్పుడు విన్నప్పుడు తలయెత్తి చూతురు. దానిని నడుపుచున్నది పురుషుడో స్త్రీయో క్రిందనుండి చూచువారికి తెలియదు. ఆ తేడా ప్రయాణికులకు తెలియునను భయముతోనే ఒకప్పుడు విమాన కంపెనీలు యోగ్యురాలైన ఒక యువతిని వెనుకకు పంపినవి. ఆమె పేరు ప్రేమ్ మాథుర్. తుదకు ఆమెకు ఉద్యోగమిచ్చినది మన హైదరాబాదు. ఆ కథను శ్రోతలకు మరల గుర్తుచేయుట ఉచితమని తలచుచున్నాము.

భారతస్త్రీ విమానము నడుపగలదా అను సంశయము అంతకుముందే తీరినది. 1936లో లాహోరునందు సరళా థుక్రాల్ తన 21వ యేట, చీర కట్టుకొని, జిప్సీ మాత్ విమానమును ఒంటరిగా నడిపెను. 1939లో ఆమె భర్త విమాన ప్రమాదమున మరణించెను. ఆపై యుద్ధము వలన పౌరులకు శిక్షణ నిలిచిపోగా, వాణిజ్య లైసెన్సు పొందవలెనను ఆమె కోరిక తీరలేదు. నేర్పు ఉన్నది గాని, దానితో జీవించు వృత్తి ఆమెకు దక్కలేదు.

ఆ వృత్తి 1947లో ప్రేమ్ మాథుర్‌కు దక్కినది. అలహాబాదు ఫ్లయింగు క్లబ్బులో నేర్చుకొని ఆమె వాణిజ్య లైసెన్సు సంపాదించెను. ఎనిమిది కంపెనీలు ఆమెను నిరాకరించినవి. స్త్రీ నడుపుచున్నదని తెలిసినచో ప్రయాణికులు విమానమెక్కుటకు జంకెదరని వారు చెప్పిన కారణము. అప్పుడు ఆమెను చేర్చుకొన్నది డెక్కన్ ఎయిర్‌వేస్. నిజాము రాష్ట్ర రైల్వేయు, టాటా సంస్థయు కలసి 1945లో నెలకొల్పిన కంపెనీ అది. బేగంపేట దాని నెలవు. దాని డకోటా విమానములు మద్రాసునకు, ఢిల్లీకి పోయెడివి.

విమానపు ముందు గదిలో ఎడమ ఆసనము కెప్టెనుది, కుడి ఆసనము సహచోదకునిది. మాథుర్‌కు లభించినది కుడి ఆసనము. 1949లో జాతీయ విమాన పందెమున ఆమె గెలుపొందెను. నిర్ణీతమైన గంటలు పూర్తిచేసి, కెప్టెను పదవిని కోరెను. కంపెనీ ఒప్పుకొనలేదు. ఆమె ఢిల్లీకి పోయి ఘనశ్యామదాస్ బిర్లా సొంత విమానమును నడిపెను. 1953లో విమాన కంపెనీలు జాతీయమై ఇండియన్ ఎయిర్‌లైన్సు ఏర్పడగా, అందు చేరెను.

తొమ్మిదవ కంపెనీ మనదని గర్వించుట న్యాయమే. ఎనిమిదిమంది వెనుదీసిన పనిని అది చేసినది. కాని లోనికి రానిచ్చిన చేతులే పైకి పోనీయలేదన్న మాటను దాచుటయు న్యాయము కాదు. పనిలో చేర్చుకొనుట ఒకటి, అధికారము నప్పగించుట వేరొకటి. మన కార్యాలయములలో, పాఠశాలలలో, ఇండ్లలో సైతము ఈ భేదము కనబడుచునే యున్నది.

ఆ ఎడమ ఆసనమునకై దేశము చాలకాలము వేచినది. 1985లో కెప్టెన్ సౌదామినీ దేశ్‌ముఖ్ నాయకత్వమున, అందరును స్త్రీలే సిబ్బందిగా, ఒక ఇండియన్ ఎయిర్‌లైన్సు విమానము కలకత్తా సిల్చారుల నడుమ ఎగిరెను. 2021 నాటి అంతర్జాతీయ లెక్కలలో మన దేశపు చోదకులందు స్త్రీలు సుమారు 12 శాతము. అమెరికాలో అందు సగమైనను లేరు.

శాంతిపురములో ఒక బాలిక తలయెత్తి విమానమును చూచి, నేనును నడిపెదనని తల్లితో చెప్పవచ్చును. నవ్వి ఊరకొనక, ప్రేమ్ మాథుర్ కథ ఆమెకు చెప్పుడని మా మనవి. ఎనిమిది నిరాకరణములను చెప్పుడు, తొమ్మిదవ పిలుపును చెప్పుడు, దొరకని ఎడమ ఆసనమును గూడ మరువక చెప్పుడు.