ఒక హెల్మెట్ స్టిక్కరు కథ

1956లో అమెరికాలో పీట్ స్నెల్ అనే అతను కార్ల రేసులో తలకి దెబ్బ తగిలి చనిపోయాడు. హెల్మెట్ లేక కాదు, పెట్టుకునే ఉన్నాడు! అదీ అప్పట్లో మంచి రకమే. మరి మంచిదని ఎవరు తేల్చారు?

స్నేహితులు ఏడ్చి ఊరుకోలేదు. 1957లో అతని పేరున ఫౌండేషన్ పెట్టారు. వాళ్ళలో డాక్టర్ జార్జ్ స్నైవ్లీ హెల్మెట్లని పగలగొట్టి మరీ పరీక్షించాడు. 1959లో మొదటి ప్రమాణం వచ్చింది. తర్వాత కార్ల రేసులకి విడిగా ‘ఎస్‌ఏ’ ప్రమాణం పెట్టారు. బైకు హెల్మెట్లకి లేని మంటల పరీక్ష ఇందులో ఉంటుంది. స్టిక్కరు ఇచ్చాక కూడా బజార్లో కొని మళ్ళీ పరీక్షిస్తారు.

కంపెనీలకి ఇదేం నిర్బంధం కాదు. కానీ సరదాకి రేసులాడే క్లబ్బులు ఆ స్టిక్కరు లేనిదే ట్రాక్ ఎక్కనివ్వలేదు. రాసినవాడే టెస్ట్ చేసుకుంటే ఏమవుతుందో మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి వేరే చెప్పాలా?